నెమాన్యా విదిచ్: మాంచెస్టర్ సంగతి సరే, సెర్బియా మాటేమిటి?

వరంగల్_వింగర్
విదిచ్ పేరెత్తితే చాలు, అందరం ఒకటే లిస్టు చదువుతాం. మాంచెస్టర్ యునైటెడ్‌కి 300 మ్యాచ్‌లు, 21 గోల్స్, 5 లీగ్ టైటిళ్లు, 3 లీగ్ కప్పులు, 2008 చాంపియన్స్ లీగ్. ప్రీమియర్ లీగ్ ప్లేయర్ ఆఫ్ ది సీజన్ అవార్డును రెండుసార్లు (2008-09, 2010-11) గెలిచిన డిఫెండర్ ఇప్పటికీ అతనొక్కడే. ఇందులో ఎవరికీ పేచీ లేదు.

దేశం తరఫున చూస్తే లెక్క వేరు. 56 మ్యాచ్‌లు, 2 గోల్స్. ఒక్క యూరో టోర్నీ కూడా ఆడలేదు. ప్రపంచకప్‌లో దిగింది ఒక్క 2010లోనే, అదీ గ్రూప్ దశ వరకే. పోనీ సెర్బియా బలహీనమైన జట్టా అంటే కాదు. స్టాన్కోవిచ్, ఇవానోవిచ్, కొలరోవ్, క్రస్తాయిచ్ లాంటి వాళ్లున్న జట్టది.

మరి తేడా ఎక్కడొచ్చింది? అతని ఆటలోనా, జట్టులోనా, లేక అదృష్టంలోనా? తీరిగ్గా మాట్లాడుకుందాం. ట్రోఫీల లెక్క ఇక్కడితో వదిలేద్దాం ప్లీజ్.

ఓల్డ్‌ట్రాఫర్డ్_రవి
మంచి టాపిక్ ఎత్తారు. దేశం సంగతి తర్వాత. ముందు యునైటెడ్‌కి ఎలాంటి పరిస్థితిలో వచ్చాడో చెప్పాలి, ఈ కాలం పిల్లలకు అది తెలియదు.

2006 జనవరి. అంతకు ముందు నెలే చాంపియన్స్ లీగ్ గ్రూప్‌లో ఆఖరి స్థానంతో బయటపడ్డాం. కెప్టెన్ రాయ్ కీన్ వెళ్లిపోయాడు. మేనేజర్ ఫెర్గూసన్ పని అయిపోయిందని పేపర్లన్నీ రాస్తున్నాయి. ఆ టైమ్‌లో స్పార్టక్ మాస్కో నుంచి సుమారు 70 లక్షల పౌండ్లకు విదిచ్, అదే నెలలో మొనాకో నుంచి ఎవ్రా వచ్చారు. ఇద్దరికీ ఆరంభం ఏమీ కలిసిరాలేదు. మాంచెస్టర్ సిటీతో తొలి మ్యాచ్‌లో ఎవ్రాను హాఫ్ టైమ్‌కే బయటకు పిలిచేశారు. విదిచ్ రష్యా సీజన్ ముగించుకుని వచ్చాడు, మ్యాచ్ ప్రాక్టీస్ లేదు, ఇంగ్లిష్ అంతంతమాత్రం. తొలి మ్యాచ్ బ్లాక్‌బర్న్‌తో లీగ్ కప్ సెమీస్, అదీ చివర్లో వాన్ నిస్టెల్‌రూయ్ స్థానంలో కాసేపు.

ఏడాది తిరిగేసరికి అదే మనిషి తోటి డిఫెండర్ ఫెర్డినాండ్ పక్కన లేకపోతే టీమ్‌కి కాళ్లాడేవి కావు. 2007 మార్చి చివర్లో బ్లాక్‌బర్న్ మీద కాలర్‌బోన్ దెబ్బ తగిలి బయటకు వెళ్లినప్పుడు మాకున్న టెన్షన్ అంతా ఇంతా కాదు. అయినా ఆ సీజన్‌లోనే, నాలుగేళ్ల విరామం తర్వాత, లీగ్ టైటిల్ వచ్చింది.

2007-08లో లీగ్ మొత్తంలో 22 గోల్సే ఇచ్చాం. తర్వాతి సీజన్‌లో వరసగా 14 లీగ్ మ్యాచ్‌ల్లో ఒక్క గోల్ ఇవ్వలేదు. గోల్ ఇవ్వకుండా మా గోల్‌కీపర్ వాన్ డెర్ సార్ ఆడిన 1,311 నిమిషాల రికార్డు అందరికీ గుర్తుంటుంది. ఆ దశలో ఫెర్డినాండ్ గాయంతో చాలా మ్యాచ్‌లకు దూరమయ్యాడని, పక్కన కుర్రాడు జానీ ఎవాన్స్ ఉన్నాడని ఎంతమందికి గుర్తుంది? ఎవాన్స్‌కు ధైర్యం చెప్పి ఆడించింది విదిచ్.

ఆన్‌ఫీల్డ్_అనిల్
రవి అన్నా, అంతా ఒప్పుకుంటా. 2009 మార్చి 14 గురించి ఒక్క ముక్క రాయకుండా ఎలా?

ఓల్డ్ ట్రాఫర్డ్‌లో మీకూ మా లివర్‌పూల్‌కూ మ్యాచ్. రొనాల్డో పెనాల్టీతో మీరు 1-0. ఆ తర్వాత మా వైపు నుంచి ష్కర్టెల్ ఊరికే బంతిని ముందుకు బాదాడు. అందులో ప్లానేమీ లేదు, గండం గడిస్తే చాలని కొట్టిన బంతి. విదిచ్ దాని కిందే ఉన్నాడు. తలతో కొట్టేసి ఉంటే అక్కడితో అయిపోయేది. కింద పడనిచ్చాడు. పడ్డ బంతి లేచి వెనక్కు పోయింది, టోరెస్ అతని భుజం పక్కనుంచి దూరి లాక్కెళ్లాడు. 1-1. హాఫ్ టైమ్ ముందు జెరార్డ్ పెనాల్టీ. రెండో సగంలో జెరార్డ్ దూసుకెళ్తుంటే వెనక నుంచి లాగి విదిచ్ రెడ్ కార్డు తీసుకున్నాడు. ఆ ఫ్రీ కిక్‌నే ఆరేలియో గోల్ చేశాడు. చివరికి 4-1.

ఇది ఒక్కసారి జరిగింది కాదు. 2008 సెప్టెంబరు, 2009 మార్చి, 2009 అక్టోబరు: వరసగా మూడు లివర్‌పూల్ మ్యాచ్‌ల్లో రెడ్ కార్డు. 2014 మార్చిలో మళ్లీ ఇంకోటి. వేగంగా పరుగెత్తే స్ట్రైకర్ ఎదురైతే అతనికి ఇబ్బందే అని అప్పట్లో మేమందరం అనుకునేవాళ్లం, ఇప్పటికీ అదే అంటాను.

ఓల్డ్‌ట్రాఫర్డ్_రవి
నిజమే, ఆ రోజు నరకం చూశాం. కాకపోతే ఆ సీజన్ టైటిల్ మాకే వచ్చింది, 90 పాయింట్లు, మీకు 86. ఆ మ్యాచ్‌కు మూడు రోజుల ముందే మొరీన్యో కోచ్‌గా ఉన్న ఇంటర్ మిలాన్ మీద నాలుగో నిమిషంలో గిగ్స్ కార్నర్‌కు తల పెట్టి గోల్ కొట్టింది కూడా ఈ విదిచే. ఒక వారంలో అతని మొత్తం కెరీర్ కనిపిస్తుంది.

లక్ష్మి_వైజాగ్
నేను స్కూల్ పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పిస్తాను. అందుకే ట్రోఫీల కంటే అతని ఆట తీరు గురించే రాస్తాను.

విదిచ్ అనగానే తలకు కట్టు, ముక్కు మీద రక్తం, బూటు వచ్చే చోట తల పెట్టడం: ఈ ఫొటోలే గుర్తొస్తాయి. ధైర్యం నిజమే, కానీ ధైర్యంతో 300 మ్యాచ్‌లు ఆడలేరు. అతని అసలు బలం అడుగు. క్రాస్ వచ్చేటప్పుడు గమనించండి. బంతిని చూస్తూనే రెండు చిన్న అడుగులు వెనక్కి వేస్తాడు, స్ట్రైకర్‌ని చేత్తో ఒకసారి తాకుతాడు, అతను ఎక్కడున్నాడో తెలియడానికి అంతే. తర్వాత ముందుకొచ్చి ఎగురుతాడు. ఎదుటివాడు నిలబడ్డ చోటు నుంచి ఎగిరితే, విదిచ్ పరుగు మీద ఎగురుతాడు. ఆరడుగులు దాటిన మనిషి ఇంకా పొడుగువాళ్లను గాల్లో గెలిచేది ఇలాగే.

ఇంకొకటి, బంతి ఇంకా గాల్లో ఉండగానే ఆ పని ముగించాలని చూస్తాడు. కింద పడనిస్తే స్ట్రైకర్‌కు సమానావకాశం ఇచ్చినట్టే. అనిల్ చెప్పిన టోరెస్ గోల్ అంత ఆశ్చర్యం కలిగించింది కూడా అందుకే, ప్రతి వారం చేసే పనిని ఆ ఒక్క క్షణం చెయ్యలేదు. ఫెర్డినాండ్ అయితే ఆ బంతిని ఛాతీ మీద దించుకుని పాస్ ఇచ్చేవాడేమో. ఇద్దరి జోడీ కుదిరింది ఈ తేడా వల్లే. ఒకరు ముందుకెళ్లి ఢీకొంటే ఇంకొకరు వెనక ఖాళీ కాస్తారు. ఎవరు వెళ్లాలో మాట్లాడుకోకుండానే తెలిసిపోయేది.

వేగం విషయంలో అనిల్‌తో పూర్తిగా ఏకీభవించను. అతను మరీ స్లో కాదు. స్ట్రైకర్‌కు బాగా దగ్గరగా ఉండి ఆడేవాడు. ఆ ఆటలో తొలి స్పర్శ తప్పితే వెనక్కి తిరిగి పరుగెత్తాలి. రెడ్ కార్డులు అక్కడి నుంచే వచ్చాయి.

చిన్నా_సెంటర్‌బ్యాక్
లక్ష్మి మేడమ్, నేను కాలేజీ టీమ్‌లో సెంటర్ బ్యాక్. విదిచ్ ఆడేటప్పుడు నేను చాలా చిన్నవాణ్ని, హైలైట్స్ తప్ప పూర్తి మ్యాచ్ చూడలేదు. నేర్చుకోవాలంటే ఏ మ్యాచ్ మొత్తం చూడాలో చెప్పండి ప్లీజ్.

మ్యూనిక్_మధు
వింగర్ గారు అడిగిన అసలు ప్రశ్నకు వస్తాను. జర్మనీలో నా ఆఫీసులో సెర్బియా వాళ్లున్నారు, వాళ్లతో ఈ విషయం చాలాసార్లు మాట్లాడాను. వాళ్లు విదిచ్‌ను చూసే తీరుకీ మనం చూసే తీరుకీ చాలా తేడా ఉంది.

అతను పుట్టింది 1981 అక్టోబరు 21న, పశ్చిమ సెర్బియాలోని ఉజిత్సెలో. అప్పట్లో ఆ ఊరి పేరు టీటోవో ఉజిత్సె, మార్షల్ టీటో పేరు కలిపి. 1992లో ఆ పేరు తీసేశారు. చుట్టూ కొండలు, రాగి కర్మాగారం ఉన్న పారిశ్రామిక పట్నం. తండ్రి కూడా ఆ రాగి కర్మాగారంలోనే పనిచేశాడు. ఊళ్లోనే యెదిన్‌స్త్వో, తర్వాత స్లొబోదా క్లబ్బులు. అక్కడి నుంచి బెల్‌గ్రేడ్ రెడ్ స్టార్ అకాడమీకి.

రెడ్ స్టార్ 1991లో బారీలో మార్సెయ్‌ను పెనాల్టీల్లో ఓడించి యూరోపియన్ కప్ గెలిచినప్పుడు విదిచ్‌కు తొమ్మిదేళ్లు. ఆ వెంటనే దేశం ముక్కలైంది, ఆంక్షలు వచ్చాయి, క్లబ్బులు చితికిపోయాయి. 1999 వసంతంలో నాటో విమానాలు 78 రోజులు బాంబులు వేసినప్పుడు అతనికి పదిహేడేళ్లు. ఆ తరం పిల్లలు ఫుట్‌బాల్ నేర్చుకున్నది ఆ రోజుల్లో. లోన్ మీద స్పార్టక్ సుబోతిత్సలో ఒక సీజన్ ఆడి తిరిగొచ్చి, రెడ్ స్టార్ కెప్టెన్ అయ్యి, 2003-04లో లీగ్, కప్ రెండూ గెలిపించి మాస్కో వెళ్లాడు.

తొలి అంతర్జాతీయ మ్యాచ్ 2002 అక్టోబరులో నేపుల్స్‌లో ఇటలీ మీద, 1-1. అప్పుడు వేసుకున్నది యుగొస్లావియా జెర్సీ. కొన్ని నెలలకే ఆ దేశం పేరు సెర్బియా-మాంటెనీగ్రోగా మారింది. 2006 తర్వాత ఒట్టి సెర్బియా. పదేళ్లలోపే ఒకే మనిషి మూడు దేశాల పేర్ల మీద ఆడాడు, తాను ఎక్కడికీ మారకుండానే. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుని మిగతాది చూడాలి.

ఇక 2006 ప్రపంచకప్ క్వాలిఫయర్స్. గవ్రాన్‌చిచ్, విదిచ్, క్రస్తాయిచ్, ద్రగుతినోవిచ్. సెర్బియాలో ఈ నలుగురి పేర్లు ఒక్క గుక్కలో చెప్తారు. గ్రూప్‌లో స్పెయిన్, బెల్జియం, బోస్నియా ఉన్నాయి. పది మ్యాచ్‌ల్లో ఇచ్చింది ఒకే ఒక్క గోల్, మాడ్రిడ్‌లో రౌల్ కొట్టింది. ఆ మ్యాచ్ కూడా కెజ్‌మాన్ గోల్‌తో 1-1 అయింది. స్పెయిన్‌ను వెనక్కి నెట్టి గ్రూప్‌లో మొదటి స్థానం. మా ఆఫీసులో ఒకాయన దీన్ని 2008 చాంపియన్స్ లీగ్ కంటే పెద్ద విషయంగా చెప్తాడు.

వరంగల్_వింగర్
మధు గారూ, నేను అడగాలనుకున్నది సరిగ్గా ఇక్కడే ఉంది. పది మ్యాచ్‌ల్లో ఒక్క గోల్ ఇచ్చిన జట్టు, జర్మనీకి వెళ్లి మూడు మ్యాచ్‌ల్లో పది గోల్స్ ఇచ్చింది. నెదర్లాండ్స్ 1-0, అర్జెంటీనా 6-0, ఐవరీ కోస్ట్ 3-2. విదిచ్ ఆ మూడింట్లో ఒక్క నిమిషం కూడా ఆడలేదు. తొలి మ్యాచ్‌కు క్వాలిఫయర్స్ నుంచి మోసుకొచ్చిన సస్పెన్షన్. రెండో మ్యాచ్ ముందు ప్రాక్టీస్‌లో మోకాలి గాయం. అంతే, ఇంటికి.

ఒక్కడు లేకపోతే ఇంత తేడానా?

గచ్చిబౌలి_గూనర్
ఒక్కడి వల్ల 6-0 అవదు బ్రదర్. ఆ లెక్క విదిచ్‌ను పొగిడినట్టు కనిపిస్తుంది గానీ, నిజానికి ఆ జట్టుకు ఏం జరిగిందో కప్పేస్తుంది.

టోర్నీ మొదలయ్యే ముందు, మే 21న మాంటెనీగ్రోలో రెఫరెండం. జూన్ 3న వాళ్లు స్వతంత్రం ప్రకటించుకున్నారు. జూన్ 11న ఈ జట్టు లైప్‌జిగ్‌లో మైదానంలోకి దిగింది. అంటే అప్పటికే లేని దేశం పేరు మీద ఆడుతోంది. డ్రెస్సింగ్ రూమ్‌లో ఎవరి మనసు ఎలా ఉండి ఉంటుందో ఆలోచించండి. దానికి తోడు వుచినిచ్ గాయపడితే కోచ్ ఇలియా పెత్కోవిచ్ అతని స్థానంలో తన సొంత కొడుకు దుషాన్‌ను పిలిచాడు. అతను డిఫెండర్, వుచినిచ్ ఫార్వర్డ్. దేశమంతా గోల గోల అయ్యి ఆ అబ్బాయి తప్పుకున్నాడు. చివరికి 22 మందితోనే టోర్నీ ఆడారు.

ఇన్ని ఉన్నచోట విదిచ్ ఉండుంటే అర్జెంటీనా మ్యాచ్ 6-0 బదులు 3-0 అయ్యేదేమో. కాంబియాసో కొట్టిన ఆ రెండో గోల్ ముందు వరస పాస్‌లు చూడండి, ఆ రోజు ఏ డిఫెన్స్ అయినా ఏం చెయ్యగలదు?

మ్యూనిక్_మధు
గూనర్ గారు చెప్పిన నేపథ్యం అక్షరాలా కరెక్ట్. ఒక్కటి కలుపుతాను. ఆ నలుగురు డిఫెండర్ల బలం విడివిడిగా లేదు, కలిసి ఉండటంలో ఉంది. రెండేళ్ల పాటు దాదాపు అదే వరస. అందులో ఒకరిని తీస్తే మిగతా ముగ్గురూ అలవాటు లేని చోట నిలబడాల్సి వస్తుంది. అందుకే లోటు ఒక్క మనిషికి మించి ఉంటుంది.

ఆన్‌ఫీల్డ్_అనిల్
సరే 2006 వదిలేద్దాం. 2010? అప్పుడు సాకు లేదు కదా. ఫ్రాన్స్‌ను వెనక్కి నెట్టి గ్రూప్ గెలిచి వచ్చారు. జట్టు మంచి ఊపు మీద ఉంది.

మ్యూనిక్_మధు
2010 గురించి నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఘనాతో తొలి మ్యాచ్. చివరి ఐదారు నిమిషాల్లో కుజ్మానోవిచ్ బాక్సులో బంతిని చేత్తో తాకాడు, గ్యాన్ పెనాల్టీ, 0-1. రెండోది పోర్ట్ ఎలిజబెత్‌లో జర్మనీ మీద. క్లోజెకు రెడ్ కార్డు. మరు నిమిషంలోనే జిగిచ్ తలతో దించిన బంతిని యొవానొవిచ్ గోల్ చేశాడు. రెండో సగంలో విదిచ్ చెయ్యి పైకెత్తి బంతిని తాకాడు. మళ్లీ పెనాల్టీ! వరసగా రెండు మ్యాచ్‌ల్లో, ఎవరూ నెట్టకుండా, అవసరం లేకుండా చేత్తో ముట్టుకోవడం. పొడోల్స్కీ కొట్టిన పెనాల్టీని స్టొయ్‌కోవిచ్ ఎడమ వైపు దూకి ఆపేశాడు. ఆ తర్వాతి అరగంట విదిచ్ ఆడిన ఆట చూడాలి, ప్రతి క్రాస్‌కు అతనే వెళ్లాడు. 1-0 గెలిచారు.

ఆస్ట్రేలియాతో 2-2 డ్రా చేసుకున్నా ముందుకెళ్లేవాళ్లు. 2-1తో ఓడారు. జర్మనీని ఓడించిన జట్టు గ్రూప్‌లో ఆఖరి స్థానం.

ఆ జట్టు కోచ్ రాదొమిర్ అంతిచ్ కూడా ఆటగాడిగా తొలి అడుగులు వేసింది ఉజిత్సెలోనే, స్లొబోదా క్లబ్బులో. ఒకే ఊరి క్లబ్బు నుంచి వచ్చిన కోచ్, డిఫెండర్ కలిసి ప్రపంచకప్‌లో. ఉజిత్సె లాంటి చిన్న ఊరికి అదెంత పెద్ద విషయమో.

ఫతేమైదాన్_గ్యాలరీ
బాబులూ, చర్చ చాలా బాగుంది. యుగొస్లావియా పేరు వచ్చింది కాబట్టి హైదరాబాద్ వాడిగా ఒక మాట చెప్పాలి.

1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మన జట్టు యుగొస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయింది. మనవాళ్లలో చాలామంది ఉత్త కాళ్లతో ఆడారు. కోచ్ మన హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్. ఆ ఓటమి తర్వాత ఆయన జట్టు ఆటతీరునే మార్చేశారు, బూట్లు తప్పనిసరయ్యాయి. నాలుగేళ్లకు మెల్‌బోర్న్‌లో సెమీ ఫైనల్. ఎదురుగా మళ్లీ యుగొస్లావియా. నెవిల్ డిసౌజా గోల్‌తో మనమే ముందున్నాం. ఆ తర్వాత కొన్ని నిమిషాల్లో మ్యాచ్ చేజారి 4-1 అయింది. మన సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం ఆ జట్టులో ఉన్నాడు. ఒలింపిక్ సెమీస్ దాకా వెళ్లిన భారత జట్టు అదొక్కటే.

ఆ దేశం ఫుట్‌బాల్ ఎంత గట్టిదో మా పెద్దవాళ్లకు అప్పటినుంచే తెలుసు. విదిచ్ ఆ వారసత్వం నుంచి వచ్చినవాడు.

మోడరేటర్
ఫతేమైదాన్ గారూ, రహీం సాబ్ మీద విడిగా ఒక థ్రెడ్ మొదలుపెట్టండి, పైన పిన్ చేస్తాను. ఇక్కడ విదిచ్ కొనసాగించండి.

స్టాంఫర్డ్_సుమంత్
చెల్సీ అభిమానిగా నాదొక ప్రశ్న. దేశం తరఫున కొలిస్తే ఇవానోవిచ్ పెద్దవాడు కాదా? 105 మ్యాచ్‌లు. 2009లో ఆన్‌ఫీల్డ్‌లో రెండు హెడర్లు, 2012లో నేపోలీ మీద ఎక్స్‌ట్రా టైమ్ గోల్, 2013లో బెన్ఫికా మీద ఇంజురీ టైమ్ హెడర్‌తో యూరోపా లీగ్. కష్టకాలంలో నిలబడేవాడు. విదిచ్ ముప్పై ఏళ్లు వచ్చేసరికే దేశానికి గుడ్‌బై చెప్పేశాడు.

గచ్చిబౌలి_గూనర్
గుడ్‌బై చెప్పిన తీరు కూడా చూడాలి సుమంత్. 2011 అక్టోబరు 11, మారిబోర్. యూరో 2012 క్వాలిఫయర్స్ ఆఖరి మ్యాచ్, స్లొవేనియా మీద. విరామానికి ముందు వర్షిచ్ దూరం నుంచి కొట్టిన గోల్‌తో 0-1. రెండో సగంలో సెర్బియాకు పెనాల్టీ. విదిచ్ ముందుకొచ్చాడు. హందనోవిచ్ ఆపేశాడు. మ్యాచ్ పోయింది. ఆ నెలలోనే రిటైర్మెంట్.

ఇప్పటికీ చాలామంది ‘విదిచ్ పెనాల్టీ మిస్ చేసి యూరో పోగొట్టాడు’ అంటారు. లెక్క చూడండి. ఎస్టోనియా 16 పాయింట్లతో రెండో స్థానం (ప్లేఆఫ్ చోటు), సెర్బియా 15. ఆ పెనాల్టీ పడి మ్యాచ్ 1-1 అయితే ఇద్దరికీ 16. కానీ ఎస్టోనియా బెల్‌గ్రేడ్‌లోనే 3-1తో గెలిచి, టాలిన్‌లో 1-1 చేసుకుంది. ముఖాముఖి లెక్కలో వాళ్లే పైన. అంటే డ్రా పనికిరాదు, గెలవాల్సిందే. ఆ పెనాల్టీ పడినా ఇంకో గోల్ కావాలి. యూరో పోయింది మారిబోర్‌లో కాదు, ఏడాది ముందు బెల్‌గ్రేడ్‌లో ఎస్టోనియా చేతిలో ఓడినప్పుడు.

మామూలుగా పెనాల్టీలు కొట్టని సెంటర్ బ్యాక్ ఆ టైమ్‌లో బంతి చేతిలోకి తీసుకున్నాడంటే, బాధ్యతంతా తన మీద వేసుకున్నాడని అర్థమవుతుంది. దాన్ని తప్పుగా లెక్కకట్టడం నాకు నచ్చదు. నేను అర్సెనల్ వాణ్ని, అతన్ని మెచ్చుకోవడానికి నాకు వేరే కారణం లేదు.

స్టాంఫర్డ్_సుమంత్
ఈ పాయింట్ల లెక్క నేను ఎక్కడా చదవలేదు. థాంక్స్. ఇవానోవిచ్ మీద నా మాట మాత్రం అలాగే ఉంది. సీనియర్ అన్నవాడు ఓటమి తర్వాత కూడా ఉండాలి.

లక్ష్మి_వైజాగ్
సుమంత్ గారూ, ఇంకో రెండు నెలలు ముందుకెళ్లండి. 2011 డిసెంబరు 7, బాసెల్. మోకాలు మెలికపడి లిగమెంట్లు దెబ్బతిన్నాయి, స్ట్రెచర్ మీద తీసుకెళ్లారు. ఆ రాత్రే యునైటెడ్ చాంపియన్స్ లీగ్ నుంచి బయటపడింది. సీజన్ మొత్తం పోయింది. మరుసటి సెప్టెంబరులో మళ్లీ మోకాలి మెనిస్కస్ (కీలు మధ్య ఉండే మృదులాస్థి) ఆపరేషన్. దేశానికి ఆడుతూనే ఉంటానని చెప్పినా ఆ మోకాలితో ఎన్ని మ్యాచ్‌లు ఆడేవాడు?

ఆ దెబ్బ తర్వాత అతని ఆట మారింది. పరుగు మీద ఎగిరేవాడని పైన రాశాను కదా. ఆ పరుగులో బరువంతా ఒక కాలి మీద పడి, అక్కడి నుంచి పైకి లేవాలి. మోకాలి మీద నమ్మకం పోతే ఆ అడుగు చిన్నదవుతుంది. 2012-13లో ఫెర్గూసన్ చివరి సీజన్‌కు తిరిగొచ్చి ఐదో టైటిల్ గెలిచాడు. అందులో సగం అనుభవంతో, ఉండాల్సిన చోట ముందే ఉండి ఆడిన ఆట. నాకు ఆ సీజన్ విదిచ్ అంటే ప్రత్యేకమైన గౌరవం.

ఓల్డ్‌ట్రాఫర్డ్_రవి
ఆ తర్వాత ఇంటర్ మిలాన్. 2014 ఆగస్టు 31న టొరీనోతో తొలి లీగ్ మ్యాచ్. పెనాల్టీ ఇచ్చాడు, చివర్లో రెడ్ కార్డు కూడా. ఆ పెనాల్టీని ఆపి జట్టును కాపాడిన గోల్‌కీపర్ ఎవరో తెలుసా? హందనోవిచ్. మారిబోర్‌లో అతని పెనాల్టీ ఆపినవాడే.

2016 జనవరిలో ఒప్పందం రద్దు చేసుకుని, అదే నెల 29న ఆట నుంచి తప్పుకున్నాడు. 34 ఏళ్లు. వీడ్కోలు మ్యాచ్ లేదు, హడావిడి లేదు.

వరంగల్_వింగర్
అందరివీ చదివాక నా అభిప్రాయం: దేశం తరఫున విదిచ్ విఫలమయ్యాడనే మాట నిలబడదు. 2006కు జట్టును తీసుకెళ్లిన డిఫెన్స్‌లో అతను సగం. 2010లో చేతి తప్పు అతనిదే, ఆ మ్యాచ్ గెలవడంలో పెద్ద వాటా కూడా అతనిదే. 2011లో పెనాల్టీ పోయింది, యూరో అంతకుముందే చేజారింది. ఇవానోవిచ్ ఎక్కువకాలం నిలబడ్డాడన్న సుమంత్ మాటతో మాత్రం ఒప్పుకుంటాను. 

మధు గారూ, రిటైరయ్యాక సెర్బియా ఫుట్‌బాల్‌లో ఏమైనా పనిచేస్తున్నాడా?

మ్యూనిక్_మధు
దేశ ఫుట్‌బాల్ సంఘం అధ్యక్ష పదవికి పోటీ చేస్తానని ముందుకొచ్చాడు, సంఘం నడిచే తీరు మారాలని బహిరంగంగా మాట్లాడాడు. 2023లో ఆ పదవి రెడ్ స్టార్ పాతతరం దిగ్గజం ద్రాగన్ జాయిచ్‌కు దక్కింది. మా సెర్బియా మిత్రుల్లో ఈ విషయం మీద రెండు వర్గాలున్నాయి, లంచ్ టైమ్‌లో నేను ఆ మాట ఎత్తను.

లక్ష్మి_వైజాగ్
చిన్నా, నీ ప్రశ్న పైన ఉండిపోయింది. మూడు మ్యాచ్‌లు చెప్తాను.

మొదటిది 2011 మే 8, యునైటెడ్-చెల్సీ. టైటిల్ తేల్చిన మ్యాచ్. మొదటి నిమిషంలోనే హెర్నాండెజ్ గోల్, తర్వాత గిగ్స్ క్రాస్‌కు విదిచ్ హెడర్, 2-1. గోల్ సంగతి వదిలెయ్. డ్రోగ్బా పక్కన అతను ఎంత దూరంలో నిలబడ్డాడో చూడు. బంతి అవతలి వింగ్‌లో ఉన్నప్పుడు ఎక్కడున్నాడు, మధ్యకు వచ్చినప్పుడు ఎక్కడికి జరిగాడు అన్నది కాగితం మీద గుర్తు పెట్టుకో.

రెండోది 2008 మాస్కో ఫైనల్. 120 నిమిషాలూ చూడాలి. 116వ నిమిషంలో డ్రోగ్బా రెడ్ కార్డు తీసుకుంది విదిచ్‌ను చెంప మీద కొట్టినందుకే. అంతసేపు విదిచ్ అతన్ని ఎంత విసిగించి ఉంటాడో ముందు భాగం చూస్తే తెలుస్తుంది. కొట్టాక విదిచ్ తిరిగి కొట్టలేదు, అదీ గమనించు.

మూడోది అనిల్ చెప్పిన 1-4. అందరూ దాన్ని చూడొద్దంటారు, నువ్వు చూడు. ష్కర్టెల్ బంతి గాల్లో ఉండగా వీడియో ఆపి, నువ్వైతే ఏం చేస్తావో ఆలోచించు. వచ్చే వారం ప్రాక్టీస్‌లో మీ గోల్‌కీపర్‌తో అలాంటి ఎత్తు బంతులు వేయించుకో. ఒక్కటి కూడా కింద పడనివ్వకు. ఎలా వచ్చిందో ఇక్కడే రాయి.

చిన్నా_సెంటర్‌బ్యాక్
థాంక్యూ మేడమ్. మాస్కో ఫైనల్‌తో మొదలుపెడతాను. మా గోల్‌కీపర్‌కు ఇప్పుడే మెసేజ్ పెట్టాను, ఆదివారం పొద్దున గ్రౌండ్ ఖాళీగా ఉంటుందట.